అమెరికా పెరట్లో ఏడు లక్షల టన్నుల యురేనియం సరుకు

ఒహాయో రాష్ట్రం దక్షిణ కొసన పైక్టన్ అనే చిన్న ఊరు ఉంది. ఊరి పక్కన పోర్ట్స్‌మత్ అణు కర్మాగారం. దాని ఆవరణలో ఆరుబయట ఉక్కు సిలిండర్లు రెండు వరుసల ఎత్తున పేర్చి కనుచూపు మేర కనిపిస్తాయి. ఒక్కొక్కటి సుమారు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వ్యాసం. లోపల దాదాపు 12 టన్నుల యురేనియం హెక్సాఫ్లోరైడ్, అంటే యురేనియం, ఫ్లోరిన్ కలిసిన రసాయనం. కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో ఇలాంటి మైదానాలు ఇంకా పెద్దవి ఉన్నాయి. వీటిలోని సరుకును ప్రమాదం తక్కువైన రూపంలోకి మార్చడం మొదలుపెట్టే నాటికి అమెరికా ఇంధన శాఖ చేతిలో ఇలాంటి సిలిండర్లు 60 వేల దాకా ఉండేవి. వాటిలోని సరుకు 7 లక్షల టన్నుల పైమాటే.

ఇది వ్యర్థమా, ఆస్తా అని అడిగితే ఇంధన శాఖలోని మూడు విభాగాలు మూడు రకాలుగా చెబుతాయి. విచిత్రం ఏమిటంటే ముగ్గురూ నిజమే చెబుతున్నారు. పర్యావరణ విభాగానికి అది వదిలించుకోవలసిన బరువు. అణుశక్తి విభాగానికి ధర వచ్చినప్పుడు అమ్ముకోదగ్గ నిల్వ. అణ్వాయుధాల సంస్థ ఎన్‌ఎన్‌ఎస్‌ఏకు బాంబుల విడిభాగాలకు కావలసిన ముడిసరుకు. ఈ మూడు చూపుల మధ్య పడి ఈ సరుకు కథ 70 ఏళ్లుగా మెలికలు తిరుగుతోంది.

ఇంత ఎలా పోగుపడింది?

గనిలోంచి తీసిన యురేనియంలో విచ్ఛిత్తికి పనికివచ్చే యు-235 రకం 0.711 శాతమే ఉంటుంది. మిగిలినదంతా దాదాపుగా యు-238. అమెరికాలోని విద్యుత్ రియాక్టర్లకు యు-235 మూడు నుంచి ఐదు శాతం కావాలి, బాంబుకైతే 90 శాతం. ఆ వాటాను పెంచే పనినే యురేనియంను సుసంపన్నం చేయడం అంటారు. పెంచడమంటే కొత్తగా తయారుచేయడం కాదు, ఒక వైపు యు-235ను చేర్చి రెండో వైపు దాన్ని తగ్గించడం. ఆ రెండో వైపు మిగిలేదే క్షీణ యురేనియం, వార్తల్లో వినిపించే డిప్లీటెడ్ యురేనియం.

లెక్క చూస్తే గుట్ట ఎందుకు పెరిగిందో తెలుస్తుంది. 4.5 శాతానికి సుసంపన్నమైన యురేనియం ఒక కిలో కావాలనుకుందాం. వదిలేసే సరుకులో 0.25 శాతం యు-235 మిగలనిస్తే, 9.2 కిలోల సహజ యురేనియం పోయాలి. అంటే ప్రతి కిలో ఇంధనానికీ 8.2 కిలోలు పక్కన పడతాయి. అమెరికా ఈ పనిని టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో 1945లో మొదలుపెట్టింది. పడూకా 1952లో, పోర్ట్స్‌మత్ 1954లో తోడయ్యాయి. పడూకా యంత్రాలు ఆగింది 2013 మే నెలలో. ఆరు దశాబ్దాల పైగా మూడు చోట్ల నడిచిన ఈ ప్రక్రియలో పక్కన పడినదే ఈ గుట్ట.

అసలు కిటుకు ఆ 0.25 అనే అంకెలో ఉంది. అది ప్రకృతి నిర్ణయించినది కాదు, కర్మాగారం యజమాని నిర్ణయించుకున్నది. చెరుకు పిప్పిని ఇంకోసారి గానుగలో పెట్టాలా వద్దా అనేది బెల్లం ధరను, కూలి ఖర్చును బట్టి రైతు తేల్చుకున్నట్టే ఇదీ. గని యురేనియం చవకగా దొరికి కరెంటు ఖరీదైనప్పుడు, ఎక్కువ యు-235ను వదిలేసి కొత్త సరుకు పోసుకోవడమే లాభం. అందుకే పాత సిలిండర్లలో కొన్నింట్లో 0.2 శాతమే మిగిలితే, మరికొన్నింట్లో 0.4 శాతం దాకా ఉంది. 0.4 శాతం ఉన్నదాన్ని మళ్లీ యంత్రాల్లో పోసి 0.2కు దించితే, రెండున్నర టన్నులకు ఒక టన్ను సహజ యురేనియంతో సమానమైన సరుకు చేతికి వస్తుంది. 0.25 శాతం ఉన్నదాన్ని అదే పని చేయాలంటే పది టన్నులకు పైగా కావాలి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకటి నిధి, ఇంకొకటి చెత్త. ధర పెరిగిన రోజున ఆ చెత్త కూడా కొంత విలువ తెచ్చుకుంటుంది.

యురేనియం ధర ఎంత ఊగిసలాడుతుందో తెలిస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. 2000 చివర్లో పౌను ముడి యురేనియం ఆక్సైడ్ 7 డాలర్లు. 2007 జూన్‌లో 136 డాలర్లు. 2016 చివర్లో 18 డాలర్లు. 2024 జనవరిలో మళ్లీ 100 దాటింది. ప్రభుత్వ దస్త్రాల్లో మాత్రం ఒక విధానం రాసి, ఆమోదించి, కాంట్రాక్టు ఇచ్చేసరికి ఐదారేళ్లు గడుస్తాయి. విధానం సిద్ధమయ్యేటప్పటికి ఆ విధానానికి ఆధారమైన ధర ఎప్పుడో మారిపోయి ఉంటుంది.

తుప్పు

సామాన్యులకు యురేనియం అనగానే రేడియేషన్ గుర్తుకొస్తుంది. ఈ సిలిండర్ల విషయంలో ముందు భయపడవలసింది రసాయనానికి. క్షీణ యురేనియం రేడియోధార్మికత సహజ యురేనియంలో 60 శాతం మేరకే ఉంటుంది. కానీ హెక్సాఫ్లోరైడ్‌కు గాలిలోని తేమ తగిలితే చాలు, హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. 1986 జనవరిలో ఓక్లహోమాలోని గోర్ పట్టణం దగ్గర ఒక కర్మాగారంలో మోతాదుకు మించి నింపిన సిలిండర్‌ను వేడిచేస్తే అది పగిలింది. ఆ వాయువు పీల్చి ఒక కార్మికుడు మరణించాడు. అందులో ఉన్నది సహజ యురేనియమే, అయినా రసాయనం ఒకటే.

మైదానాల్లోని సిలిండర్లు చల్లగా ఉంటాయి. మామూలు వేడిలో లోపలి పదార్థం తెల్లటి గడ్డలా గట్టిగా ఉంటుంది. 56 డిగ్రీలు దాటితేగానీ పూర్తిగా వాయువు కాదు. లోపలి పీడనం బయటి గాలి కంటే తక్కువ కాబట్టి, చిల్లు పడితే ముందు గాలే లోపలికి వెళ్తుంది. ఆ తేమతో అంచుల దగ్గర గట్టి పదార్థం ఏర్పడి చిల్లును కొంతవరకు పూడుస్తుంది కూడా. ఇదంతా అదృష్టమే. కానీ సిలిండర్ గోడ మందం అంగుళంలో మూడో వంతు కూడా ఉండదు. కొన్నేళ్లు నిల్వచేయడానికని చేయించినవి దశాబ్దాల పాటు వానలో, మంచులో ఉండిపోయాయి.

1990లో పోర్ట్స్‌మత్‌లో రెండు సిలిండర్లకు చిల్లులు పడి ఉండటం గమనించారు. దర్యాప్తులో తేలిన కారణం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పేర్చేటప్పుడు పక్క సిలిండర్‌కు ఉన్న, క్రేన్‌తో ఎత్తడానికి పెట్టిన ఉక్కు చెవి తగిలి చిన్న సొట్ట, సన్నని చీలిక పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఏళ్ల తరబడి ఆ చీలికలోంచి తేమ పోయి, లోపలి నుంచి ఉక్కును తినేసి పెద్ద రంధ్రం చేసింది. ఆ తర్వాత ఓక్ రిడ్జ్‌లోనూ, పడూకాలోనూ తనిఖీలు పెరిగాయి. నేలను తాకి ఉన్నవి, కొయ్య దిమ్మెల మీద ఆనుకున్న చోట తుప్పు పట్టినవి ఎన్నో బయటపడ్డాయి. 1995లో అణు రక్షణ కేంద్రాల భద్రతా మండలి ఇంధన శాఖకు ఒక అధికారిక సిఫార్సు పంపింది. సారాంశం ఒకటే: సిలిండర్లకు రంగు వేయండి, కాంక్రీటు మీదికి ఎక్కించండి, అసలు ఈ రూపంలో ఎంతకాలం ఉంచుతారో తేల్చండి.

తేల్చింది ఇంధన శాఖ కాదు, కాంగ్రెస్. 1998లో చేసిన చట్టం పడూకా, పోర్ట్స్‌మత్‌లలో రూపమార్పిడి కర్మాగారాలు కట్టి తీరాలని నిర్దేశించింది. అయినా కదలిక లేకపోయేసరికి 2002లో ఇంకో చట్టం చేసి కాంట్రాక్టుకు గడువు పెట్టింది. శంకుస్థాపన 2004లో, ఉత్పత్తి 2010 తర్వాత. అక్కడ జరిగేది సూటిగా చెప్పుకోదగ్గ పనే. సిలిండర్‌ను వేడిచేసి హెక్సాఫ్లోరైడ్‌ను వాయువుగా మార్చి, ఆవిరితోనూ హైడ్రోజన్‌తోనూ కలిపితే నల్లటి యురేనియం ఆక్సైడ్ పొడి ఒక వైపు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మరో వైపు వస్తాయి. ఆమ్లాన్ని పరిశ్రమలకు అమ్ముతారు. పొడి నీటిలో కరగదు, గాలికి లొంగదు, భూమిలోంచి తవ్వినప్పటి రూపానికి దగ్గరగా ఉంటుంది. దాన్ని నింపేందుకు ఖాళీ చేసిన సిలిండర్లనే వాడతారు. పని మొత్తం పూర్తవడానికి పోర్ట్స్‌మత్‌లో 18 ఏళ్లు, పడూకాలో 25 ఏళ్లు అని మొదట వేసిన అంచనా. మరమ్మతులు, మధ్యలో ఆగిపోవడాలు కలిసి ఆ వేగం అందలేదు.

పొడిని ఎక్కడ పాతిపెట్టాలి అన్నది వేరే తలనొప్పి. అమెరికా చట్టం ప్రకారం క్షీణ యురేనియం తక్కువ స్థాయి రేడియోధార్మిక వ్యర్థాల కోవలోకి వస్తుంది. 2005లో అణు నియంత్రణ మండలి ఆ మాటే ఖాయం చేసింది. కానీ ఆ కోవకు చెందిన మామూలు వ్యర్థాలు, ఆసుపత్రి చేతి తొడుగుల లాంటివి, కాలం గడిచేకొద్దీ చల్లబడతాయి. క్షీణ యురేనియం దీనికి తలకిందులు. యు-238 సగం తరగడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈలోగా దాని నుంచి పుట్టే రేడియం, రాడాన్ లాంటివి పోగుపడుతూ ఉంటాయి. మొత్తం రేడియోధార్మికత లక్షల ఏళ్ల పాటు పెరుగుతూనే పోతుంది. నిబంధనలు రాసినవారు వ్యర్థం అంటే తగ్గేదనే అనుకున్నారు. పెరిగే వ్యర్థం వారి ఊహలో లేదు.

యూటా రాష్ట్రంలో ఇది గొడవగా మారింది. సాల్ట్ లేక్ సిటీకి పడమట క్లైవ్ అనే చోట ఒక ప్రైవేటు పూడ్చివేత కేంద్రం ఉంది. 2009 డిసెంబర్‌లో సౌత్ కరోలైనాలోని సవానా రివర్ కేంద్రం నుంచి క్షీణ యురేనియం డ్రమ్ములతో ఒక రైలు అక్కడికి చేరింది. గవర్నర్ అభ్యంతరం చెప్పడంతో తర్వాతి రైళ్లు ఆగాయి. రాష్ట్రం కనీసం 10 వేల ఏళ్ల భద్రతా విశ్లేషణ అడిగింది, దాని తర్వాతి కాలానికి కూడా ఏదో ఒక అంచనా చూపించమంది. కారణం ఉంది. క్లైవ్ ఉన్న నేల మంచుయుగపు బొనెవిల్ సరస్సు అడుగు. పదివేల ఏళ్ల లెక్కలు వేసేటప్పుడు ఆ సరస్సు మళ్లీ రాదని ఎవరు హామీ ఇస్తారు? ఇంధన శాఖ 2020లో క్లైవ్‌తోపాటు నెవాడాలోని తన సొంత స్థలాన్నీ, టెక్సాస్‌లోని ఆండ్రూస్ దగ్గరి కేంద్రాన్నీ కూడా జాబితాలో చేర్చుకుంది.

యురేనియంతో కూలి చెల్లించిన ఇంధన శాఖ

ఇప్పటిదాకా చెప్పింది వ్యర్థం వైపు కథ. సంపద వైపు కథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. ఇంధన శాఖ చేతిలో క్షీణ యురేనియం ఒక్కటే లేదు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక సహజ యురేనియమూ, బాంబు స్థాయి యురేనియమూ అవసరానికి మించి మిగిలాయి. 1994లో క్లింటన్ ప్రభుత్వం 174 టన్నుల అతి సుసంపన్న యురేనియాన్ని మిగులుగా ప్రకటించింది. రష్యాతో కుదిరిన ఒప్పందం కింద 1993 నుంచి 2013 దాకా 500 టన్నుల రష్యా బాంబు సరుకు పలచనై అమెరికా రియాక్టర్లలోకి వచ్చింది. ఆ రెండు దశాబ్దాల్లో అమెరికా కరెంటులో దాదాపు పదో వంతు దాని నుంచే పుట్టింది.

ఇంత సరుకు ఒక్కసారి బజారులో పడితే గనులు మూతపడతాయని కాంగ్రెస్ 1996 చట్టంలోనే ఒక కట్టడి పెట్టింది. అమ్మే ముందు ఇంధన కార్యదర్శి దేశీయ గనులకు, గని యురేనియాన్ని హెక్సాఫ్లోరైడ్‌గా మార్చే పరిశ్రమకు, సుసంపన్న పరిశ్రమకు చెప్పుకోదగ్గ నష్టం కలగదని రాతపూర్వకంగా తేల్చాలి. న్యాయమైన బజారు ధరకు తగ్గకూడదు. ఆ తర్వాత ఇంధన శాఖ తనకు తానే ఒక మార్గదర్శకం పెట్టుకుంది: ఏటా దేశ అవసరంలో పది శాతం మించి అమ్మకూడదు. 2013లో దాన్ని వదిలేసింది.

2009 చివర్లో పోర్ట్స్‌మత్ శుభ్రపరిచే పనికి బడ్జెట్ సరిపోలేదు. ఇంధన శాఖ ఒక ఉపాయం పన్నింది. కాంట్రాక్టర్‌కు డాలర్లకు బదులు యురేనియం ఇచ్చింది, అతను దాన్ని బజారులో అమ్ముకుని కూలీల జీతాలు ఇచ్చాడు. వస్తుమార్పిడి అన్నమాట. 2011లో కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ సంస్థ దీన్ని ఏకిపారేసింది. ఇది వస్తుమార్పిడి కాదు, అమ్మకమే. అమ్మిన డబ్బు ఖజానాకు చేరాలి, ఎలా ఖర్చు పెట్టాలో కాంగ్రెస్ చెప్పాలి. శాఖ తనే అమ్మి తనే ఖర్చు పెట్టుకోవడం చట్ట విరుద్ధం అని తేల్చింది. ఇంధన శాఖ ఒప్పుకోలేదు. పద్ధతి కొనసాగింది.

ఇందులో న్యాయం కంటే ఆర్థికం దెబ్బ తీసింది. ఫుకుషిమా ప్రమాదం తర్వాత యురేనియం ధర పడింది. 2011 తొలి వారాల్లో 70 డాలర్ల పైన ఉన్న పౌను 2014 మధ్యకు 28కి దిగింది. శుభ్రపరిచే పని ఖర్చు మాత్రం అంతే. అంటే అదే జీతాలకు రెట్టింపు కన్నా ఎక్కువ యురేనియం అమ్మాలి. ఎక్కువ అమ్మితే ధర ఇంకా పడుతుంది. ఇలినాయ్‌లోని మెట్రోపోలిస్‌లో ఉన్న గని యురేనియాన్ని హెక్సాఫ్లోరైడ్‌గా మార్చే, దేశంలోని ఏకైక కర్మాగారం తరఫున అమ్మకాలు చేసే కన్వర్‌డిన్ 2014లో కోర్టుకు వెళ్లింది. ఇంధన శాఖ తన అమ్మకాల పరిమితిని 2015లో, 2017లో తగ్గించుకుంటూ వచ్చి, 2018లో కాంగ్రెస్ డబ్బులు మంజూరు చేశాక ఆపేసింది. అప్పటికే మెట్రోపోలిస్ కర్మాగారం పని నిలిపేసి ఉంది. అమెరికా గనుల ఉత్పత్తి 2014లో 49 లక్షల పౌన్లు, 2019లో 1.7 లక్షల పౌన్లు. ఈ పతనానికి ఫుకుషిమా, కజకిస్తాన్ చవక యురేనియం ప్రధాన కారణాలు. కానీ పడిపోతున్నవాడి మీద కాలు వేసినది మాత్రం సొంత ప్రభుత్వమే అనడం అన్యాయం కాదు.

దీనికి కొసమెరుపు 2022 చివర్లో వచ్చింది. అదే ఇంధన శాఖ గొడుగు కిందున్న ఎన్‌ఎన్‌ఎస్‌ఏ, దేశానికి వ్యూహాత్మక నిల్వ కావాలని, దేశీయ గని సంస్థల దగ్గర యురేనియం కొనడానికి ఒప్పందాలు చేసుకుంది. పౌను దాదాపు 60 నుంచి 70 డాలర్లు. అందుకు కేటాయించిన మొత్తం 7.5 కోట్ల డాలర్లు. కొన్న సరుకు నిల్వ ఎక్కడంటే, మెట్రోపోలిస్‌లోనే.

క్షీణ యురేనియాన్ని సంపదగా మార్చిన సందర్భమూ ఒకటి ఉంది. 2012 మేలో ఇంధన శాఖ 9 వేల టన్నులకు పైగా ఎక్కువ యు-235 మిగిలిన సరుకును వాషింగ్టన్ రాష్ట్రపు విద్యుత్ సంస్థ ఎనర్జీ నార్త్‌వెస్ట్‌కు ఇచ్చింది. పడూకాలో దాన్ని మళ్లీ సుసంపన్నం చేశారు. వచ్చినదాంట్లో ఎక్కువ భాగాన్ని టెనెసీ వ్యాలీ అథారిటీ కొంది. ఆ సంస్థ రియాక్టర్‌లోనే బాంబులకు కావలసిన ట్రిటియం తయారవుతుంది. దానికి విదేశీ ఆంక్షలు అంటని యురేనియం కావాలి. పడూకాకు ఇంకో ఏడాది ఆయుష్షు దక్కింది. ఈ ఏర్పాటులో ఇంధనం ఎంత, ఉద్యోగాలు ఎంత, ఆయుధాలు ఎంత అని విడదీయడం కష్టం. జీఏఓ దీని చట్టబద్ధతనూ ప్రశ్నించింది.

క్షీణ యురేనియం అనగానే చాలామందికి తట్టేది ఫిరంగి గుళ్లు. సీసం కంటే బరువైన లోహం కాబట్టి ట్యాంకు కవచాలను చీల్చే గుళ్లకు వాడతారు, 2023లో ఉక్రెయిన్‌కు ఇచ్చినవి అలాంటివే. వాటి ఆరోగ్య ప్రభావాల మీద వాదోపవాదాలు వేరే వ్యాసానికి సరిపడా ఉన్నాయి. ఈ గుట్టతో పోలిస్తే గుళ్లకు పోయేది పిసరంత.

మన దగ్గర ఇలాంటి గుట్ట ఎందుకు లేదు?

హైదరాబాద్‌లోని అణు ఇంధన సంస్థ, అంటే ఎన్‌ఎఫ్‌సీ, తయారుచేసే ఇంధనంలో ఎక్కువ భాగం భారజల రియాక్టర్లకు వెళ్తుంది. అవి సహజ యురేనియంతోనే నడుస్తాయి. సుసంపన్నం చేయనక్కర్లేదు కాబట్టి పక్కన పడేదీ లేదు. కడప జిల్లా తుమ్మలపల్లె దగ్గరి వ్యర్థాల చెరువు గురించి చదివినవారు దాన్నీ దీన్నీ ఒకటనుకోకూడదు. అక్కడ ఉన్నది ఖనిజంలోంచి యురేనియం తీసేశాక మిగిలిన బురద, అందులో రేడియం ఉంటుంది, ఊళ్ల నీటితో దానికి ప్రమేయం ఉంది. ఒహాయోలో ఉన్నది ఫ్లోరిన్‌తో కలిసిన దాదాపు స్వచ్ఛమైన యురేనియమే. రెంటి సమస్యలూ, పరిష్కారాలూ వేరు.

ఇప్పుడు పోటీ

2016 నవంబర్‌లో ఇంధన శాఖ గ్లోబల్ లేజర్ ఎన్‌రిచ్‌మెంట్ అనే సంస్థతో ఒక ఒప్పందం చేసుకుంది. సుమారు 3 లక్షల టన్నుల క్షీణ హెక్సాఫ్లోరైడ్‌ను అమ్ముతుంది, ఆ సంస్థ పడూకా దగ్గర లేజర్ కర్మాగారం కట్టి అందులోని యు-235ను పిండుకుంటుంది. సంస్థ ఇప్పుడు ఆస్ట్రేలియాకు చెందిన సైలెక్స్, కెనడాకు చెందిన కమెకో చేతుల్లో ఉంది. 2024 మేలో రష్యా సుసంపన్న యురేనియం దిగుమతిని నిషేధించే చట్టం మీద బైడెన్ సంతకం చేశారు. మినహాయింపులు 2027తో ముగుస్తాయి. దాంతో పడూకా మైదానాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. లేజర్ కర్మాగారం అనుమతి దరఖాస్తు 2025లో నియంత్రణ మండలి ముందుకు చేరింది.

ఇంకోవైపు అదే పడూకాలో రూపమార్పిడి కర్మాగారం సిలిండర్లను ఒక్కొక్కటిగా పొడిగా మారుస్తూ ఉంది. పొడి అయ్యాక దానిలోంచి యు-235 తీయాలంటే మళ్లీ ఫ్లోరిన్ కలిపి హెక్సాఫ్లోరైడ్ చేసుకోవాలి, ఆ ఖర్చు ఎవరూ భరించరు. మూడోవైపు ఎన్‌ఎన్‌ఎస్‌ఏకు ఆయుధ విడిభాగాల కోసం స్వచ్ఛమైన క్షీణ యురేనియం లోహం కొరత ఉంది. దానికి ముందు మెట్టుగా పోర్ట్స్‌మత్‌లోని రూపమార్పిడి కర్మాగారంలో కొంత సరుకును వేరే రసాయన రూపంలోకి తిప్పేందుకు ఏర్పాట్లు తలపెట్టింది. ఏడు లక్షల టన్నులు ఉండీ కొరత ఏమిటి అంటే, దాన్ని లోహంగా మార్చే ఏర్పాట్లు చాలవు. పైగా 1950ల నుంచి వాడేసిన రియాక్టర్ యురేనియాన్ని కూడా ఈ యంత్రాల్లో పోయడం వల్ల కొన్ని సిలిండర్లలో ప్లుటోనియం, నెప్ట్యూనియం జాడలు ఉన్నాయి. అవి ఆయుధాల పనికి పనికిరావు.

కాబట్టి తేలాల్సింది వరుస. ఏ సిలిండర్‌ను ముందు పొడి చేయాలి, దేన్ని లేజర్ కోసం ఆపాలి, దేన్ని ఆయుధాలకు పక్కన పెట్టాలి. పేదది, తుప్పు పట్టినది ముందు పోవాలి, నిధి లాంటిది ఆగాలి అనడం తేలిక. కానీ ఎక్కువ యు-235 ఉన్న సిలిండరే ఎక్కువ తుప్పు పట్టి ఉంటే? లేజర్ కర్మాగారం ఇంకా కాగితం మీదే ఉంది. తుప్పు మాత్రం ఆగదు. ఆ మైదానాల్లో తనిఖీ సిబ్బంది అల్ట్రాసౌండ్ పరికరంతో సిలిండర్ గోడ మందం కొలిచి రాసుకునే అంకె, వాషింగ్టన్‌లో యురేనియం ధర చూసి రాసుకునే అంకె, ఈ రెండూ ఒకే పట్టికలో పక్కపక్కన చేరినప్పుడే ఆ వరుస తేలుతుంది.